మూడు నిమిషాల పాటలో సాలూరి పనితనం

సాలూరి రాజేశ్వరరావు గారి పేరెత్తితే ఎవరైనా ‘మల్లీశ్వరి’తో మొదలుపెడతారు. అక్కడి నుంచి ‘మిస్సమ్మ’కు వెళ్తారు, ‘మాయాబజార్’కు ఆయన కట్టిన నాలుగు వరసల సంగతి చెబుతారు. వాటి గొప్పతనం గురించి ఇప్పుడు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. ఆ సినిమాలకు ఎన్నో ఏళ్ళ ముందే, ఇంకా నూనూగు మీసాల వయసులో, ఆయన గ్రామఫోను ప్లేట్ల మీద పాడిన ప్రైవేటు పాటలు కొన్ని ఉన్నాయి. ‘పాట పాడుమా కృష్ణా’, ‘తుమ్మెదా ఒకసారి’, ‘చల్లగాలిలో’, ఆర్. బాలసరస్వతీదేవితో కలిసి పాడిన ‘కోపమేల రాధా’. వీటికి సినిమా కథ తోడు లేదు, తెర మీద హీరో లేడు, పాట ముందు సంభాషణ లేదు. వరస, గొంతు, మాట అన్నీ ఒక ప్లేటులో సర్దుకుని, వినేవాడి ఇంట్లోకి ఒంటరిగా నడిచి రావాలి.

ఇంగ్లండులోనో అమెరికాలోనో నలుగురు కుర్రాళ్ళు కలిసి ఒక రాక్ బ్యాండు పెట్టి మొదటి ఆల్బం వదిలితే, విమర్శకులు దాన్ని ఎంతో శ్రద్ధగా విప్పి చూస్తారు. ఆ తర్వాత వాళ్ళు చేసిన పనులన్నిటికీ విత్తనాలు అందులో వెతుకుతారు. మన దగ్గర ఆ అలవాటు తక్కువ. సినిమా పాటకు దొరికిన శ్రద్ధ ప్రైవేటు పాటకు దొరకలేదు. విడివిడి ప్లేట్లుగా వచ్చినా ఈ నాలుగైదు పాటల్ని ఒకచోట పేర్చి వింటే, నా మటుకు అది సాలూరి మొదటి ఆల్బమే. ఆ కళ్ళతో, ఆ చెవులతో దాన్ని పరిచయం చేయాలని ఉంది.

ఆయన పుట్టింది 1922లో, సాలూరు దగ్గర శివరామపురంలో. వేగావతి ఒడ్డున ఉన్న సాలూరు దాటితే కొండలు, కొండల మీదుగా ఒడిశా దారి. చిన్న ఊరే గాని సంగీతం విషయంలో చిన్నది కాదు. ఘంటసాలకు చదువు చెప్పిన పట్రాయని సీతారామశాస్త్రిగారిని ‘సాలూరు చినగురువుగారు’ అనే పిలిచేవారు. విజయనగరంలో 1919లో పూసపాటి వారు పెట్టిన సంగీత పాఠశాలకు ఆదిభట్ల నారాయణదాసు మొదటి అధ్యక్షులు. ఆయన తర్వాత ఆ పీఠం ద్వారం వెంకటస్వామినాయుడుగారిది. రాజేశ్వరరావుగారి తండ్రి సన్యాసిరాజుగారు ఆ ద్వారం వారి వయొలిన్‌కు మృదంగం వాయించినవారు, పాటలూ రాసేవారు. ఇంట్లో మృదంగం మోగుతుంటే పెరిగిన పిల్లవాడికి లయ ఎలా వస్తుందో వేరే చెప్పక్కర్లేదు. పైగా ఆ మృదంగం తోడు వెళ్ళింది ద్వారం వారి కమానుకు. నాయుడుగారి వాయిద్యంలో హడావిడి ఉండదు. కమాను మొత్తం పొడవునా లాగి, ఒక్క స్వరాన్ని నిండుగా నిలబెట్టి, అక్కడ వినేవాణ్ణి కాసేపు ఉండనిస్తారు. రాజేశ్వరరావు పాటలో దీర్ఘాక్షరం మీద నిలిచే తీరు వింటుంటే నాకు ఆ కమాను గుర్తుకొస్తుంది. ఇది నా ఊహే, కానీ వినగా వినగా బలపడ్డ ఊహ.

పిల్లవాడు చాలా తొందరగా రికార్డుకెక్కాడు. బెంగళూరులోని హచిన్స్ గ్రామఫోను కంపెనీ 1930ల మొదట్లోనే ఆ లేత గొంతును ప్లేట్ల మీదికి తీసుకుంది. ఆ పాటలు విని సినిమావాళ్ళు పిలిచారు. 1935లో వచ్చిన ‘శ్రీకృష్ణలీలలు’లో బాలకృష్ణుడు ఈ పిల్లవాడే. ఎదురుగా కంసుడు వేమూరి గగ్గయ్య. గగ్గయ్యగారి గొంతు ఎలాంటిదో ఆనాటి పద్యాల ప్లేట్లు విన్నవాళ్ళకు తెలుసు. నాటకాల పాక చివరి వరస దాటి రోడ్డు మీదికి వినపడే గొంతు. అలాంటి గొంతుకు ఎదురు నిలబడి పద్యానికి పద్యం అప్పజెప్పాలంటే పదమూడేళ్ళ పిల్లవాడు కూడా గొంతు బిగించి పైస్థాయిలో ఖంగుమనిపించాల్సిందే. అప్పటి తెలుగు పాటంటే అదే. మైకు లేని రంగస్థలం పెంచిన పాట అది. పద్యం చివర రాగం తీస్తూ ఎంత దూరం వెళ్తే అంత చప్పట్లు, అన్ని ‘వన్స్‌మోర్’లు.

మరి కొద్ది ఏళ్ళకే అదే మనిషి ‘చల్లగాలిలో’ పాడుతున్నప్పుడు ఆ బిగింపు మచ్చుకైనా వినపడదు. గొంతు దించేశాడు. పక్క గదిలో ఎవరో నిద్రపోతున్నారు, వాళ్ళు లేవకూడదు అన్నంత నెమ్మదిగా పాడాడు. ఇంత తేడా ఎలా వచ్చిందన్నదే ఈ ప్లేట్ల గురించి అడగాల్సిన మొదటి ప్రశ్న.

కొంత జవాబు కలకత్తాలో దొరుకుతుంది. 1930ల నడిమి కాలంలో సినిమా పని మీద రాజేశ్వరరావు కలకత్తాలో ఉన్నారు. అక్కడ న్యూ థియేటర్స్ స్టూడియోలో ఆర్.సి. బొరాల్, పంకజ్ మల్లిక్ కొత్త రకం పాట తయారుచేస్తున్నారు. సైగల్ అక్కడే పాడుతున్నారు. సైగల్ గొంతు పెద్దదేమీ కాదు. మైకుకు దగ్గరగా నిలబడి, మాట్లాడుతున్నట్టే మొదలుపెట్టి, మాట ఎక్కడ పాటయిందో తెలియకుండా పాడడం ఆయన విద్య. 1935 ‘దేవదాస్’తో ఆ విద్య దేశమంతా పాకింది. పంకజ్ మల్లిక్ రవీంద్రుని పాటను సినిమాలోకి తెచ్చి, పాటలో కవిత వినపడాలి అనే పట్టుదల నేర్పారు. రాజేశ్వరరావు వాళ్ళను దగ్గరగా విన్నారు, సైగల్‌ను గురువుగా భావించారు. సితార, సుర్బహార్, మాండొలిన్, పియానో అంటూ చేతికి దొరికిన వాద్యమల్లా పట్టుకున్నారు.

అయితే కలకత్తా పాటను తెచ్చి తెలుగు మాటలు అతికించి ఉంటే, ఆ ప్లేట్లు ఆ ఏడాది మోగి మరుగున పడేవి. ఆయన తెచ్చుకున్నది వరసల్ని కాదు, ఒక పద్ధతిని: మైకు వినే చెవి అని తెలుసుకుని పాడడాన్ని. ఆ చెవికి అరవనక్కర్లేదు. గొంతులోని చిన్న వణుకు, ఊపిరి తీసిన చోటు, ‘ల’కారం మీద నాలుక తాకిన మెత్తదనం కూడా అది పట్టుకుంటుంది. రంగస్థలం ఈ చిన్న పనులన్నిటినీ మింగేసేది. వాటినే పాటకు ముడిసరుకు చేశారు రాజేశ్వరరావు. తెలుగులో మైకుకు తగ్గట్టు పాడడం ఎవరు నేర్పారని నన్నడిగితే, నేను ఈ ప్లేట్లనే చూపిస్తాను.

ఇక ప్లేటు సంగతి. ఇది తెలియకపోతే ఆయన పని ఎంత ఇరుకులో జరిగిందో అర్థం కాదు. నిమిషానికి 78 చుట్లు తిరిగే పదంగుళాల ప్లేటులో ఒక వైపు పట్టేది మూడు నిమిషాలు, ఆపైన కొన్ని క్షణాలు. రికార్డింగు గదిలో మైనం పూసిన మందపాటి పళ్ళెం తిరుగుతుంటుంది, పాట వస్తుంటే ఒక ములుకు దాన్ని గీస్తూ పోతుంది. టేపు ఇంకా రాలేదు. ఒక ముక్క కోసి మరో ముక్క అతికించడం, గొంతు ఒకసారి వాద్యాలు ఒకసారి విడిగా తీసుకోవడం లేవు. పాడినవాళ్ళు అక్కడే వేసి విందామంటే మైనం మీది గాడి పాడైపోతుంది. పాడేవాడు, వయొలిన్, హార్మోనియం, తబలా అందరూ ఒకే మైకు చుట్టూ చేరేవారు. ఎవరి చప్పుడు ఎంత వినపడాలన్నది వాళ్ళు మైకుకు ఎంత దూరంలో కూర్చున్నారన్న దాన్నిబట్టే తేలాలి. రెండో చరణంలో ఒక్క మాట తడబడితే మళ్ళీ మొదటి నుంచీ అందుకోవాలి. ఆ మైనం నుంచి లోహపు అచ్చు, అచ్చు నుంచి లక్క ప్లేట్లు. మన అడవుల్లో పురుగులు పెట్టే లక్కకు రాతిపొడి, మసి కలిపి నొక్కిన నల్లటి పళ్ళెం అది. చెయ్యి జారితే పెంకుల్లా పగులుతుంది. వేసిన ప్రతిసారీ ముల్లు మార్చాలి, కీ ఇవ్వాలి.

బీటిల్స్ మొదటి ఆల్బం ‘ప్లీజ్ ప్లీజ్ మి’ గురించి పాశ్చాత్యులు ఇప్పటికీ ఆశ్చర్యంగా చెప్పుకుంటారు. 1963 ఫిబ్రవరి 11న లండన్‌లోని స్టూడియోలో ఒక్క రోజులో పది పాటలు రికార్డు చేశారు. జలుబుతో ఉన్న జాన్ లెనన్ గొంతు చిరిగిపోతుందని భయపడి, అరిచి పాడాల్సిన ‘ట్విస్ట్ అండ్ షౌట్’ను చివరికి ఉంచారు. మొదటి దఫా పాడిందే ప్లేటుకెక్కింది. ఆ గొంతు గరుకుతనమే ఆ పాటకు ప్రాణమైంది. అప్పటికి వాళ్ళ దగ్గర టేపు ఉంది, కనీసం రెండు ట్రాకులున్నాయి. రాజేశ్వరరావు తరానికి ప్రతి పాటా ‘ట్విస్ట్ అండ్ షౌట్’ లాంటిదే. ఒకేసారి పాడాలి, మళ్ళీ దిద్దుకునే వీలు లేదు. పైగా అరిచి నెగ్గే పాట కాదు ఇది; మెత్తగా పాడి నెగ్గాలి. గొంతు ఎత్తి పాడినప్పుడు చిన్న శ్రుతి తేడాలు ఆ జోరులో కొట్టుకుపోతాయి. దించి పాడినప్పుడు వెంట్రుకవాసి తేడా కూడా బయటపడుతుంది. అందుకే మెత్తగా పాడడం తేలిక అనుకునేవాళ్ళతో నేను ఎప్పటికీ ఏకీభవించలేను.

మూడు నిమిషాల్లో ఏం పెట్టాలి, ఏం వదలాలి? కర్ణాటక కీర్తనలో పల్లవి ఒక్కటే మూడు నిమిషాలు తీసుకుంటుంది. సంగతి మీద సంగతి వేస్తూ ఒకే మాటను పదిరకాలుగా చూపిస్తాం. పద్యమైతే చివరి రాగానికే సగం సమయం పోతుంది. రాజేశ్వరరావు రెంటినీ కత్తిరించారు. పల్లవి ఒకసారి సూటిగా చెప్పి, తిరిగి వచ్చినప్పుడు చిన్న మలుపు. గమకం ఉంది గాని మాటను కప్పేసేంత లేదు. మాట చివర తోక లాగా ఒక ఊపు, అంతే. పల్లవికీ చరణానికీ మధ్య వాద్యాలు వచ్చేది పాడేవాడు ఊపిరి తీసుకోవడానికే కాదు, చరణం ఎత్తుకునే స్వరం దగ్గరికి మన చెవిని తీసుకెళ్ళడానికి. విజయనగరం సంప్రదాయంలో పెరిగిన మనిషికి ఇంత సంగీతం తెలిసి ఇంత తక్కువ చూపించడం ఎంత కష్టమో ఆలోచించండి. వచ్చిన విద్యంతా చూపించాలని ఉవ్విళ్ళూరే వయసు అది.

ఇప్పుడు దగ్గరగా ఒకటి రెండు చూద్దాం. వేళ్ళ మీద మాత్రలు లెక్కపెట్టడం వచ్చినవాళ్ళు నాతో పాటు లెక్కపెట్టవచ్చు. గురువుకు రెండు, లఘువుకు ఒకటి.

‘పాట పాడుమా కృష్ణా’. ‘పాట’ మూడు మాత్రలు, ‘పాడు’ మూడు. ఆ తర్వాత ‘మా’ అనే దీర్ఘం, ఆపైన ‘కృష్ణా’లో రెండు గురువులు. రెండు పొట్టి అడుగులు వేసి, పిలుపు దగ్గరికి వచ్చేసరికి సాగదీసుకోవడానికి చోటు. ఇప్పుడు ‘కోపమేల రాధా’ చూడండి. ‘కోప’ మూడు, ‘మేల’ మూడు, ‘రాధా’ రెండు గురువులు. దాదాపు అదే కట్టడం. మొదటి పాటలో భక్తుడు కృష్ణుణ్ణి పాడమని బతిమాలుతున్నాడు. రెండో పాటలో ఆ కృష్ణుడే రాధను బతిమాలుతున్నాడు. రెండూ బతిమాలడాలే, రెండిటికీ ఒకే నడక. తిశ్రగతిలో ఒక ఊయల ఊపు ఉంటుంది, అది ఆజ్ఞకు పనికిరాదు, వేడుకోలుకు పనికొస్తుంది. అడిగేది పొట్టి మాటల్లో, పిలిచేది దీర్ఘాల్లో. తెలుగింట్లో అలిగినవాళ్ళను పిలిచే తీరే అది: పని ఏమిటో చకచకా చెప్పేసి పేరు దగ్గర సాగదీస్తాం. సాహిత్యంలోని ఆ సహజమైన ఊపును వరస ఎక్కడా చెడగొట్టదు. దీర్ఘం మీదే స్వరం నిలుస్తుంది, లఘువు మీద జారిపోతుంది. ఈ చిన్న నియమాన్ని పాటించని తెలుగు పాటలు ఎన్ని ఉన్నాయో వింటున్నాం కదా! పొట్టి అక్షరాన్ని బలవంతంగా సాగదీసి, దీర్ఘాన్ని నొక్కేసి, మాట ఏమిటో తెలియకుండా చేసే వరసలవి.

‘పాట పాడుమా కృష్ణా’లో మరో విశేషం, అది పాట గురించిన పాట. ఎలా పాడాలో కృష్ణుడికి చెబుతూ పోతుంది: మాట తీయగా ఉండాలి, శ్రుతిలయలు కలవాలి, యతులూ గతులూ జతకావాలి, వింటుంటే మనసుకు హాయి కలగాలి. ఈ జాబితా అంతా పాడుతున్నవాడు తన పాటలో ఆ క్షణంలోనే చేసి చూపించాలి, లేకపోతే అడగడానికి అర్హత ఉండదు. రాజేశ్వరరావు చేసి చూపించారు. తెలుగిళ్ళలో పిల్లలకు లలితగీతం నేర్పేటప్పుడు తరతరాలుగా దీనితో మొదలుపెట్టడం ఊరికే జరగలేదు. పిల్లల గొంతుకు అందే స్థాయిలో ఉంటుంది, మాటలు నోట్లో ఇరుక్కోవు, లయ దానంతట అదే నడుస్తుంది. తేలిగ్గా వచ్చేస్తుంది, కానీ బాగా పాడడానికి చాలా ఏళ్ళు పడుతుంది.

‘తుమ్మెదా ఒకసారి’కి వస్తే లెక్క మారుతుంది. ‘తుమ్మెదా’ అయిదు మాత్రలు, ‘ఒకసారి’ అయిదు. ఇది ఖండగతి. మూడు, నాలుగు మాత్రల నడకలకు ఒక నిబ్బరం ఉంటుంది. అయిదులో ఉండదు, రెండూ మూడుగా విరుగుతుంది, ఒక అడుగు పొట్టి, ఒక అడుగు పొడుగు. చెప్పాలా వద్దా అని తటపటాయిస్తున్నవాడి నడక. ఆ పాటలో జరుగుతున్నదీ అదే. నేరుగా చెప్పలేక తుమ్మెదతో కబురు పంపుతున్నాడు ప్రేమికుడు. ఇంతకన్నా సరిపోయే నడక ఏముంటుంది?

ఈ లెక్కను గుర్తుపెట్టుకుని పదేళ్ళు ముందుకు వెళ్దాం. 1951, ‘మల్లీశ్వరి’. బి.ఎన్. రెడ్డిగారి సినిమా. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు సినిమాకు పాటలు రాయడం అదే మొదలు. విడిపోయిన నాగరాజూ మల్లీ ఆకాశంలో పోయే మేఘంతో ఒకరికొకరు కబురు పంపుకునే ఘట్టం. ‘ఆకాశవీధిలో’. ‘ఆకాశ’ అయిదు, ‘వీధిలో’ అయిదు. మళ్ళీ ఖండగతి, మళ్ళీ కబురు. తుమ్మెద స్థానంలో మేఘం వచ్చింది. కవి వేరు, సందర్భం వేరు, గొంతులు వేరు. అయినా కబురు పంపే మనిషి నడక ఎలా ఉంటుందో ఈ వరసకర్తకు అప్పటికే తెలుసు. ఆ ప్లేటు పాడినప్పుడే తెలుసు. ‘మల్లీశ్వరి’ పాటలో ఆ నడక మీద రాగాలు మారుతూ పోతాయి. ఒక రాగంలో ఆశ, మరో రాగంలో దిగులు. ప్లేటు పాటలో అంత చోటు లేదు. కానీ ఇల్లు కట్టాల్సిన చోట పునాది రాయి ముందే వేసి ఉంది. ఘంటసాల, భానుమతి ఆ పాటలో గొంతులు ఎంత దించి పాడారో గమనించండి. ఘంటసాల గొంతుకు పద్యంలో ఆకాశమే హద్దు. ఆ పాటలో ఆయన కూడా రాజేశ్వరరావు ప్లేట్ల మీద పాడిన పద్ధతిలోకే వచ్చి పాడారనిపిస్తుంది నాకు. ఇద్దరూ 1922లో పుట్టినవాళ్ళే, ఇద్దరికీ విజయనగరం వైపు విద్యే.

‘చల్లగాలిలో’ మాట దగ్గర ఇంకొక ముచ్చట. మొత్తం ఎనిమిది మాత్రలు. నాలుగూ నాలుగుగా విరుద్దామంటే ‘గా’ అనే గురువు సరిగ్గా మధ్యలో అడ్డం పడుతుంది. మాటలు విరిగే చోట విరిస్తే ‘చల్ల’ మూడు, ‘గాలి’ మూడు, ‘లో’ రెండు. ఎనిమిదిని మూడు, మూడు, రెండుగా విరవడం రాకెన్‌రోల్ డ్రమ్ములు వాయించేవాళ్ళకు చిరపరిచయమైన లెక్క; క్యూబా నుంచి వెళ్ళిన లయ అంటారు. మనకు అది మాటలోనే ఉంది. పైకి నింపాదిగా కనిపిస్తుంది, లోపల ఒక చిన్న ఒరుగు ఉంటుంది. గాలి వీచినట్టు ఉండడానికి ఆ ఒరుగే కారణమని నేననుకుంటాను. చదునైన నాలుగు మాత్రల్లో ఇదే మాట వేసి చూడండి, గాలి ఆగిపోతుంది.

‘కోపమేల రాధా’ దగ్గర మరికాస్త ఆగాలి. యుగళగీతం మన రంగస్థలానికి కొత్త కాదు, కానీ అక్కడ ఇద్దరూ ప్రేక్షకుల వైపు తిరిగి పాడేవారు. సంవాద పద్యాల్లో ఒకరి మీద ఒకరు పై చెయ్యి కోసమే పోటీ. ఈ ప్లేటులో ఇద్దరూ ఒకరివైపు ఒకరు తిరిగి పాడుతున్నారు, మనం పక్కనుంచి వింటున్నాం. బాలసరస్వతీదేవి గొంతు సన్నం, కొసలు పదును, మాటలు ముత్యాల్లా రాలతాయి. రాజేశ్వరరావు గొంతు దానికన్నా మెత్తన, కాస్త గాలి కలిసిన గొంతు. సాధారణంగా మగ గొంతు గంభీరంగా, ఆడ గొంతు మెత్తగా ఉండాలంటారు. ఇక్కడ తలకిందులు. అలిగింది ఆమె కాబట్టి పదును ఆమెది, బతిమాలేది ఆయన కాబట్టి మెత్తదనం ఆయనది. పాత్రలు గొంతుల్లోనే ఉన్నాయి. ఈ జంట 1940లో గూడవల్లి రామబ్రహ్మంగారి ‘ఇల్లాలు’లో కూడా కలిసి పాడింది. తర్వాతి రోజుల తెలుగు యుగళగీతాలన్నిటికీ ఈ ఇద్దరి పాట ఒక ఒరవడి పెట్టింది.

సాహిత్యం విషయానికొస్తే, ఇవి భావకవిత్వం ఇంకా గాలిలో ఉన్న రోజులు. నండూరి ‘ఎంకి పాటలు’, కృష్ణశాస్త్రి ‘కృష్ణపక్షం’ వచ్చి పదిపదిహేనేళ్ళయింది. యమున, మురళి, తుమ్మెద, చెలి అనే మాటలు అప్పటికే చాలామంది చేతుల్లో నలిగాయి. చదువుకోవడానికి ఈ పాటల సాహిత్యం ఆ కవుల పక్కన నిలబడదు, ఆ మాట నిజాయితీగా ఒప్పుకోవాలి. కానీ ఇవి చదవడానికి కాదు. ఎంకి పాటను కాగితం మీద చదివి పరవశించినవాళ్ళకు, భావకవిత పాటగా ఇంట్లో వినపడితే ఎలా ఉంటుందో ఈ ప్లేట్లు చూపించాయి. రేడియో స్టేషన్లలో ఆ తర్వాత లలిత సంగీతం అనే శాఖ పెరిగి పెద్దదయింది. 1938లో మద్రాసులో, 1948లో విజయవాడలో ఆకాశవాణి కేంద్రాలు వచ్చాయి. బాలాంత్రపు రజనీకాంతరావుగారి లాంటి వాగ్గేయకారులు ఆ తోటను పెంచారు. ఆ తోటకు మొదటి మడి తవ్వినవాళ్ళలో రాజేశ్వరరావు ముందుంటారు.

సినిమా ఆయన్ను త్వరలోనే పూర్తిగా లాక్కుంది. జెమినీవారి ‘బాలనాగమ్మ’ 1942, డప్పుల నాట్యంతో దేశమంతా మోగిన ‘చంద్రలేఖ’ 1948. ‘చంద్రలేఖ’లో వందలమంది, పెద్ద వాద్యబృందం, ఒక సైన్యాన్ని నడిపినంత పని. అంత పెద్ద పని చేయగలిగినవాడు ఆ వెంటనే ‘మల్లీశ్వరి’లో ‘మనసున మల్లెల’ లాంటి పాటకు కల్యాణి రాగాన్ని ఎంత తక్కువ తాకి వదిలేశాడో చూస్తే, పనితనం అంటే ఎక్కువ చేయడం కాదని తెలిసిన మనిషి అనిపిస్తుంది. 1955 ‘మిస్సమ్మ’లో ‘బృందావనమది’ శుద్ధసావేరి. రెండేళ్ళ తర్వాత ‘మాయాబజార్’ కోసం కట్టిన ‘లాహిరి లాహిరి’ మోహన. రెండూ అయిదు స్వరాల రాగాలే. మోహనలో గాంధారం ఉన్నచోట శుద్ధసావేరిలో మధ్యమం ఉంటుంది, మిగతా నాలుగూ అవే. ఆ ఒక్క స్వరం తేడాతో ఒకటి పెరట్లో ఆటపాటగా, మరొకటి వెన్నెల్లో పడవగా అయ్యాయి. ‘మాయాబజార్’కు నాలుగు వరసలిచ్చి ఆయన తప్పుకుంటే, వాటికి వాద్యాలు కూర్చి పాడినవారు ఘంటసాల. సాలూరువాడు కట్టిన వరసను సాలూరు చినగురువుగారి శిష్యుడు ముగించాడన్నమాట.

గాయకుడు రాజేశ్వరరావు మాత్రం క్రమంగా వెనక్కి తగ్గిపోయారు. ఇతరుల గొంతులకు వరసలు కట్టడంలోనే మిగతా జీవితమంతా గడిచింది, 1999లో వెళ్ళిపోయేదాకా. ఇది నాకు ఎప్పుడూ కష్టంగానే ఉంటుంది. ఏఎం రాజా, ఘంటసాల, సుశీల ఆయన పాటల్ని అద్భుతంగా పాడారు, ఆ మాటలో సందేహం లేదు. అయినా ఆయన వరసల్లో ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఏ అక్షరం మీద ఎంత తేలికగా దిగాలో ఆయన గొంతుకు తెలిసినంతగా ఇంకొకరికి తెలియదు. ఆ తెలివి మనకు నేరుగా వినపడేది ఈ ప్లేట్లలోనే.

ఇప్పుడు ఇవి ఫోనులో దొరుకుతున్నాయి, లక్క గీతల చిటపటతో సహా. కొందరు ఆ చప్పుడు తీసేసి శుభ్రం చేసి పెడుతున్నారు. వాటిల్లో గొంతు అంచులు కూడా అరిగిపోయి, మెత్తదనం కాస్తా మొద్దుతనం అయింది. చిటపట ఉన్నవే వినండి. చెవికి పెట్టుకునే చిన్న స్పీకర్లలో కాకుండా గదిలో పెట్టుకుని, శబ్దం కొంచెం తగ్గించి వినండి, ఇవి ఆ దూరానికే పాడిన పాటలు. ముందు ‘కోపమేల రాధా’ వేసుకోండి. ఆ వెంటనే ‘మాయాబజార్’లోని ‘చూపులు కలసిన శుభవేళ’ వేయండి. రెండు పాటల్లోనూ ఆయన పల్లవి చివరి దీర్ఘాన్ని వదిలి చరణంలోకి ఎలా దిగారో పోల్చి చూడండి. తర్వాత ‘తుమ్మెదా ఒకసారి’, దాని వెనకే ‘ఆకాశవీధిలో’. వేళ్ళ మీద అయిదు లెక్కపెడుతూ వినండి.